స్టాక్ రికమెండేషన్ సబ్‌స్క్రిప్షన్‌కి ఏడాది నిండింది. రెన్యూ చేయాలా? నా పద్దు మొత్తం ఇక్కడ పెట్టాను

లెక్కల టీచర్, తెనాలి
10 జూన్ 2025

అందరికీ నమస్తే. నేను తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. పోయిన ఏడాది జూన్‌లో ఒక స్టాక్ రికమెండేషన్ సర్వీసుకు డబ్బు కట్టాను. పేరు చెప్పను, ఎందుకంటే వాళ్ళు మోసం చేశారని నేను అనడం లేదు. కట్టేముందు షేర్ మార్కెట్ మీద అజమాయిషీ చేసే సెబీ వెబ్‌సైట్‌లో రిజిస్ట్రేషన్ నంబరు సరిచూసుకున్నాను, ఉంది. ఫోన్లు చేసి విసిగించలేదు, ఇంత లాభం గ్యారంటీ అని ఎక్కడా అనలేదు. అయినా ఏడాది తిరిగేసరికి నా డబ్బు తగ్గింది. వచ్చే బుధవారం, 18న రెన్యూవల్. 18,000, దాని మీద జీఎస్టీ. గురువారం నుంచి బడులు, తర్వాత తీరిక ఉండదు కాబట్టి ఈ నాలుగు రోజులూ కూర్చుని పద్దు తేల్చాను. కొంచెం పొడుగుంటుంది, ఓపిగ్గా చదవండి.

పెట్టుబడి 3 లక్షలు. ఆఖరి నెల దాకా పాడకుండా ఉంచుకున్న చీటీ డబ్బు అది. మా వారు ఎఫ్‌డీ వేద్దామన్నారు, 7 శాతం దాకా వస్తోంది అప్పుడు. కానీ అది ఎన్నికల ఫలితాల టైము. జూన్ 4న నిఫ్టీ (50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ) ఒక్కరోజే దాదాపు 6 శాతం పడి, ఆ వారం తిరక్కుండానే మళ్ళీ లేచి కూర్చుంది. స్టాఫ్ రూములో ఎవర్ని కదిపినా మార్కెట్ మాటే. మనకి మనమే కొంటే మునుగుతాం, తెలిసినవాళ్ళకి ఫీజిచ్చి కొంటే పద్ధతిగా ఉంటుంది అనిపించింది. 3 లక్షల్ని 12 వాటాలు చేసుకున్నాను. ఒక్కో షేరుకు 25,000. ఒక రెండొందల పేజీల నోటుబుక్కు కొని ప్రతి కాల్‌కీ, అంటే ఫలానా షేరు కొనమని వాళ్ళు పంపే ప్రతి సలహాకీ, ఒక పేజీ ఇచ్చాను. అలర్ట్ ఎన్నింటికి వచ్చింది, అప్పటి ధర ఎంత, నేను ఎంతకి కొన్నాను, ఎంతకి అమ్మాను, అన్నీ రాశాను.

ఏడాదిలో 14 కాల్స్ వచ్చాయి. 12 కొన్నాను. మిగతా రెండూ అలర్ట్ వచ్చిన అరగంటలోనే, ఆ రోజుకి అంతకు మించి పెరగకూడని ధరకి, అంటే అప్పర్ సర్క్యూట్‌కి వెళ్ళిపోయాయి, అమ్మేవాడే లేడు. ఆ రెండింటినీ తర్వాత వాళ్ళు మంచి లాభంలో క్లోజ్ చేశారు.

అసలు సంగతి నాకు అర్థమైంది సెప్టెంబరులో. ఒక కెమికల్స్ కంపెనీ మీద కాల్ వచ్చింది. ఉదయం 10:42కి అలర్ట్. ధర 412, "420 వరకు కొనొచ్చు" అని రాశారు. ఆ టైముకి నేను ఎనిమిదో తరగతిలో ఉన్నాను, ఫోను స్టాఫ్ రూములో బ్యాగులో ఉంది. మా బడి గంటా మార్కెట్ గంటా పావుగంట తేడాతో మోగుతాయి మరి. భోజనాల వేళకి వచ్చి చూస్తే 431. 420 దాటింది కదా అని ఆగాను. మర్నాడు 444. మూడోరోజు ఇక ఉండబట్టలేక 446కి 56 షేర్లు కొన్నాను. ఆగడం నా క్రమశిక్షణ, కొనడం నా కక్కుర్తి. డిసెంబరులో అమ్మమని అలర్ట్, 478 దగ్గర. నేను చూసేసరికి అందరూ అమ్ముతున్నారు, 469కి అమ్మాను. వచ్చిన లాభం 1,288 రూపాయలు, అంటే 5 శాతం. వాళ్ళ సైట్‌లో ఇదే కాల్ పక్కన పచ్చ రంగులో 16 శాతం అని ఉంది. అది అబద్ధం కాదు. 412 నుంచి 478కి 16 శాతమే. వాళ్ళ లెక్క మెసేజ్ పంపిన ధర నుంచి, నా లెక్క నా చేయి పడిన ధర నుంచి. చిన్న కంపెనీ షేరు మీద వేలమందికి ఒకేసారి మెసేజ్ పోతే ఆ మెసేజే ధరని లేపుతుందని నాకు ముందు తట్టలేదు.

రెండో సంగతి. వాళ్ళ సైట్ మొదటి పేజీలో "సక్సెస్ రేటు 78 శాతం" అని ఉంటుంది. క్లోజ్ చేసిన కాల్స్ 9, అందులో 7 లాభం. సరిగ్గానే ఉంది. మరి 14లో మిగతా 5 ఏవి? "ఓపెన్ కాల్స్" అని వేరే ట్యాబ్ ఉంది, అందులో ఉన్నాయి. అయిదూ నష్టంలోనే. లాభం రాగానే క్లోజ్ చేస్తారు, నష్టమొస్తే "హోల్డ్" అంటారు. పిల్లలు తప్పిన సబ్జెక్టుల్ని లెక్కలోంచి తీసేసి పాస్ పర్సెంటేజీ వేస్తే డీఈవో గారు ఊరుకుంటారా?

అయిదింటికీ మొదటి మెసేజ్‌లో స్టాప్ లాస్, అంటే ఇంతకి పడితే నష్టానికైనా అమ్మేయాలన్న ధర, రాసే ఉంది. నిఫ్టీ సెప్టెంబరు చివర్లో 26,200 మీద ఉండి, మార్చి మొదటివారానికి 22,000 దరిదాపులకి దిగింది కదా, చిన్న షేర్లు ఇంకా ఘోరంగా పడ్డాయి. స్టాప్ లాస్ తాకిన మర్నాడు "క్లోజింగ్ ధర చూడాలి" అన్నారు. క్లోజింగ్‌లోనూ తాకితే "రివైజ్డ్ స్టాప్ లాస్" అని ఇంకో అంకె పంపారు. ఆ తర్వాత స్టాప్ లాస్ మాట పోయి "కంపెనీ కథ చెక్కుచెదరలేదు" అన్న మాట వచ్చింది.

ఇక పద్దు. లాభంలో అమ్మినవి 5, మొత్తం 23,400 (అందులో ఒక్క డిఫెన్స్ షేరే 11,000 దాకా ఇచ్చింది, అది లేకపోతే నా పని ఇంకా అధ్వానం). నష్టంలో అమ్మినవి 2, పోయింది 6,100. ఓపెన్‌లో ఉన్న అయిదింటిలో పెట్టింది 1,25,000, ఇవాళ్టి విలువ 1,09,800. అన్నీ కలిపితే 2,100 లాభం. అందులోంచి, అమ్మేసినవాటి లాభం మీద షార్ట్ టర్మ్ (ఏడాదిలోపు అమ్మితే పడే) పన్ను దాదాపు 3,600. బ్రోకరేజీ, ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీ మీద పన్ను), డీపీ (డీమాట్ ఖాతా) ఛార్జీలు 900 అనుకోండి. ఫీజు జీఎస్టీతో 21,240. చివరికి 23,640 నష్టం.

21,240 అంటే 3 లక్షల మీద 7 శాతం పైనే. అంటే షేర్లు 7 శాతం పెరిగితే నేను మొదలుపెట్టిన చోటే ఉంటాను. లెక్కల టీచర్ని అయ్యుండి కట్టేముందు ఈ భాగహారం చేయలేదు.

అడిగేది మూడు. రెన్యూ చేయనా? ఆ అయిదు షేర్లు ఏం చేయను? ఫీజుని ఖర్చు కింద చూపించి పన్ను తగ్గించుకోవచ్చా?


ఒక్కమాట
10 జూన్ 2025

మొదటి ప్రశ్నకి జవాబు మీ పోస్టులోనే ఉంది మేడమ్. మీరు కట్టిన రోజుల్నుంచి ఇవాళ్టికి నిఫ్టీ 6 శాతం పైనే పెరిగింది, మధ్యలో అంత పడి కూడా. మూడు లక్షలూ నిఫ్టీలో ఉన్న షేర్లనే అలాగే కొనిపెట్టే ఇండెక్స్ ఫండ్‌లో, మధ్యవర్తి లేని డైరెక్ట్ ప్లాన్‌లో వేసి నోటుబుక్కు పిల్లలకి ఇచ్చేసి ఉంటే, ఫండ్ వాళ్ళు తీసుకునే ఖర్చు ఏడాదికి ఏ ఆరేడొందలో అయ్యేది. ఫోను బ్యాగులోనే ఉన్నా ఇబ్బంది లేదు.


అమీర్‌పేట పాతకాపు
10 జూన్ 2025

టీచర్ గారూ, మీకు తగిలింది మర్యాదస్తులు. నేను 2017లో అమీర్‌పేటలో ఒక టిప్స్ ఆఫీసులో ఎనిమిది నెలలు ఫోన్లు చేశాను. డిగ్రీ అయ్యి ఖాళీగా ఉన్నప్పుడు తొమ్మిది వేల జీతం. చదివేవాళ్ళకి పనికొస్తుందని చెప్తున్నాను, గొప్ప కోసం కాదు.

పొద్దున్నే ఒక్కొక్కరికి 200 నంబర్ల షీటు ఇచ్చేవాళ్ళు. "నమస్తే సార్, ట్రేడింగ్ చేస్తుంటారా సార్, మూడ్రోజులు ఫ్రీ ట్రయల్ సార్, నచ్చితేనే కట్టండి సార్." ఇంతే మాట. అసలు పని మధ్యాహ్నం మొదలు. మేనేజర్ షీటుని సగానికి మడిచేవాడు. పై వంద మందికి బ్యాంక్ నిఫ్టీ (బ్యాంకు షేర్ల సూచీ) పెరుగుతుందని మెసేజ్, కింద వంద మందికి పడుతుందని మెసేజ్. మర్నాడు తప్పు చెప్పిన వంద మందిని కొట్టేయడం, మిగిలిన వందని మళ్ళీ మడవడం. మూడోరోజు సాయంత్రానికి 25 మంది మిగులుతారు. వాళ్ళకి మేం వరసగా మూడుసార్లు కరెక్టుగా చెప్పాం. ఆ 25 మంది దృష్టిలో మేం దేవుళ్ళం. అప్పుడు ఫోన్ చేసి 5,000 ప్యాకేజీ అడిగితే కాదనేవాడు తక్కువ. తర్వాత నష్టమొస్తుంది, రాక తప్పదు. అప్పుడు "మీరు బేసిక్‌లో ఉన్నారు సార్, అసలు కాల్స్ ప్రీమియంలో ఇస్తాం" అని 25,000. అదీ పోతే "లాస్ రికవరీ ప్లాన్" అని ఇంకోటి. పోయిన డబ్బు కోసం మనిషి ఎంతైనా కడతాడు, అది ఆ ఆఫీసులో అందరికీ తెలుసు.

సూర్యాపేట వైపు నుంచి ఒక పెద్దాయన రోజూ తొమ్మిదింటికి నాకే ఫోన్ చేసేవాడు. "బిడ్డా, ఇయ్యాల కాల్ ఉన్నదా?" అని. రైస్ మిల్లులో గుమస్తా అట. రికవరీ ప్లాన్ దాకా కట్టాడు. ఒకరోజు కాల్ గురించి అడగలేదు, "మా బిడ్డ ఫీజు కట్టేది ఉండె" అని మాత్రం అన్నాడు. ఆ నెలాఖరుకి మానేశాను. జీతం కూడా పూర్తిగా ఇవ్వలేదు వాళ్ళు, అది వేరే కథ.

ఇప్పుడు ఇదే పని టెలిగ్రామ్‌లో జరుగుతోంది. తేడా ఏంటంటే మడవడానికి షీటు అక్కర్లేదు, రెండు ఛానెళ్ళు చాలు. తప్పిన మెసేజ్ డిలీట్ చేసేస్తారు.


ఉక్కునగరం రిటైర్డ్
11 జూన్ 2025

అమ్మా, నాది విశాఖ. స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యాను. నేను ఇలాంటి సర్వీసుకే అయిదేళ్ళుగా కడుతున్నాను, ఈ ఏడాదీ కడతాను. కాబట్టి నా మాట కొంచెం వేరుగా ఉంటుంది, ఏమీ అనుకోవద్దు.

మొదటిది, ఫీజు. నేను కట్టేది 12,000, జీఎస్టీతో 14,160. నా షేర్లు 22 లక్షలు ఉంటాయి. అంటే ముప్పావు శాతం కూడా కాదు. మీకు 7 శాతం. 3 లక్షలతో ఇలాంటి సర్వీసు తీసుకోవడమంటే కిలో ఉల్లిపాయలకి లారీ మాట్లాడుకున్నట్టు. సర్వీసు మంచిదా చెడ్డదా అనేది తర్వాతి మాట.

రెండోది, నేను అలర్ట్ వచ్చిన రోజు కొననే కొనను. రిపోర్టు ప్రింటు తీసుకుంటాను (మా ఆవిడకి ఆ కాగితాలంటే మంట). ఎందుకు కొనమంటున్నారు, అప్పెంత, కంపెనీ యజమానులు (ప్రమోటర్లు) తమ షేర్లు తాకట్టు పెట్టారా, అమ్మకాల డబ్బు నిజంగా చేతికొస్తోందా, ఇవి చూస్తాను. తర్వాతి త్రైమాసిక ఫలితాలు వచ్చేదాకా ఆగుతాను. మెసేజ్ వేడి పది పదిహేను రోజుల్లో చల్లారుతుంది, చాలాసార్లు అదే ధరకి, ఒక్కోసారి ఇంకా తక్కువకి దొరుకుతుంది. ఇరవై చెప్తే నాలుగైదు కొంటాను. దొరక్కుండా పోయినవి కూడా ఉన్నాయి, పోనీ అనుకుంటాను.

మూడోది, కోపం తెచ్చుకోకండి. స్టాప్ లాస్ మొదటి మెసేజ్‌లోనే రాసి ఉంది అన్నారు. మీ నోటుబుక్కులో కూడా రాసుకుని ఉంటారు. మరి అక్కడ మీరెందుకు అమ్మలేదు? వాళ్ళు మాట మార్చారు నిజమే, మీ బుక్కు మార్చలేదు కదా.


లెక్కల టీచర్, తెనాలి
11 జూన్ 2025

కోపమేం లేదు బాబాయ్ గారూ. మీరన్నది చదివి నోటుబుక్కు తీసి చూశాను. అయిదు పేజీల్లోనూ స్టాప్ లాస్ ఎర్ర ఇంకుతో రాసి ఉంది. దాని మీద కొట్టేసి కొత్త అంకె రాసింది కూడా నేనే. మా వారు చూసి నవ్వారు. నిజం చెప్పాలంటే నేను ఫీజు కట్టింది నా బుర్రకి పని తప్పించడానికి. డబ్బు కట్టాక వాళ్ళ మాటకి ఎదురు వెళ్ళాలంటే, మరి కట్టినదెందుకు అనిపించేది.

పాతకాపు గారూ, సూర్యాపేట పెద్దాయన సంగతి చదివాక చాలాసేపు వేరే పని చేయలేకపోయాను.


పద్దుల పంతులు
12 జూన్ 2025

గుంటూరులో ఆడిటర్ ఆఫీసులో పని నాది. మీ మూడో ప్రశ్న మా కుర్చీ దగ్గరికి ప్రతి జూలైలో వచ్చేదే, కాబట్టి చెప్తాను.

ఫీజు కుదరదమ్మా. మీకున్నది క్యాపిటల్ గెయిన్స్, అంటే షేర్లు అమ్మగా వచ్చిన లాభం. అందులో కొన్న ధర, కొనడానికి అమ్మడానికి నేరుగా అయిన బ్రోకరేజీ లాంటివే తీసేస్తారు. సబ్‌స్క్రిప్షన్ ఫీజు అందులోకి రాదు. ఎస్‌టీటీ కూడా రాదు. కాబట్టి మీరు నిజంగా నష్టపోయినా, అమ్మినవాటి మీద 23,400లో 6,100 పోగా మిగిలిన 17,300 లాభం మీద 20 శాతం పన్ను, ఆపైన సెస్సు కట్టాల్సిందే.

కానీ మీరు పోగొట్టుకున్న అవకాశం ఒకటుంది. ఓపెన్‌లో ఉన్న ఆ నష్టాల షేర్లు మార్చి 31 లోపు అమ్మి ఉంటే ఆ నష్టం 17,300 లాభంలో చెల్లిపోయేది, పన్ను చాలావరకు తప్పేది. ఇప్పుడు అమ్మితే అది ఈ ఆర్థిక సంవత్సరం నష్టం, పోయిన ఏడాది లాభానికి చెల్లదు. ఈ ఏడాది లాభాలుంటే వాటిలో పోతుంది, లేకపోతే ఎనిమిదేళ్ళ దాకా ముందుకి తీసుకెళ్ళొచ్చు, రిటర్ను గడువులోగా వేస్తేనే. ఇంకో మెలిక. కొని ఏడాది దాటిన షేరు అమ్మితే అది లాంగ్ టర్మ్ నష్టం, లాంగ్ టర్మ్ లాభంలో మాత్రమే చెల్లుతుంది. ఏడాది నిండకముందు అమ్మితే రెండింటిలోనూ చెల్లుతుంది. మీరు మొదట్లో కొన్నవేమైనా ఆ అయిదింటిలో ఉంటే ఈ వారమే తేదీలు చూసుకోండి. ఇది పన్ను మాట మాత్రమే. షేరు మంచిదా కాదా అనేది నన్నడగొద్దు.

సర్వీసుల గురించి కూడా రెండు ముక్కలు. ఐఎన్‌హెచ్‌తో మొదలయ్యే నంబరు రీసెర్చ్ అనలిస్టుది, ఐఎన్‌ఏతో మొదలయ్యేది ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్‌ది. చాలామంది ఒకటే అనుకుంటారు. అనలిస్టు అందరికీ ఒకటే మాట చెప్తాడు, మీ జీతమెంత, అప్పులున్నాయా అన్నది అతని పని కాదు. అడ్వైజర్ మీ పరిస్థితి కనుక్కుని, మీకు నప్పేదే చెప్పాలి. మీరు కట్టింది మొదటిరకానికి, ఆశించింది రెండోరకం నుంచి అనిపిస్తోంది.

మామూలు వ్యక్తుల దగ్గర అనలిస్టు ఏడాదికి కుటుంబం మొత్తానికి 1,51,000 మించి ఫీజు తీసుకోకూడదు. ఒకేసారి ఏడాదికి మించి అడ్వాన్సు కూడా తీసుకోకూడదు. మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి లెక్కగట్టి ఫీజు వెనక్కి అడగొచ్చు. ఇవ్వకపోతే ముందు వాళ్ళకే మెయిల్ పెట్టి, తర్వాత సెబీ స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు. వాళ్ళు 21 రోజుల్లో జవాబివ్వాలి. రిజిస్ట్రేషన్ లేనివాడికి కడితే ఈ దారులేవీ ఉండవు, సైబర్ క్రైమ్ 1930కి ఫోన్ చేయడమే, అదీ డబ్బు పోయిన వెంటనే.

అన్నట్టు, రెన్యూవల్ యూపీఐ ఆటోపేలో పెట్టారేమో చూసుకోండి. మీరు ఇక్కడ చర్చిస్తుండగానే 18న అదే కోసుకుపోతుంది.


లెక్కల టీచర్, తెనాలి
19 జూన్ 2025

చెప్పినవాళ్ళందరికీ జవాబు బాకీ ఉన్నాను.

పంతులు గారన్నట్టే ఆటోపే ఆన్‌లో ఉంది. నేను పెట్టినట్టు గుర్తే లేదు, మొదటిసారి కట్టేటప్పుడు ఏదో టిక్కు కొట్టి ఉంటాను. 13న రద్దు చేశాను. రెన్యూ చేయలేదు.

అయిదు షేర్లకీ అయిదు పేజీలు తీసి, పైన రాసుకున్న కొన్న ధర చూడకుండా ఒకటే ప్రశ్న వేసుకున్నాను. ఇవాళ చేతిలో డబ్బుంటే ఇది కొంటానా అని. మూడింటికి కొనను అని వచ్చింది. అందులో ఒకదానికి జూన్ 24తో ఏడాది నిండుతుంది. మూడూ సోమవారం అమ్మేశాను. బడి మొదలయ్యాక స్టాఫ్ రూములో నిలబడే అమ్మాను, అటెండెన్సు రిజిస్టరు చంకలో పెట్టుకుని. మిగతా రెండు ఉంచాను. ఉక్కునగరం బాబాయ్ గారి పద్ధతిలో వాటి వార్షిక నివేదికలు దించుకున్నాను. ఒకటి 214 పేజీలు. 30 అయ్యాయి.

వచ్చిన డబ్బు ఇండెక్స్ ఫండ్‌లో నెలకింత అని పెడదామనుకుంటున్నాను, మా వారు ఎఫ్‌డీ అంటున్నారు, ఇంకా తేలలేదు.

నిన్న సాయంత్రం సర్వీసు వాళ్ళ దగ్గర్నుంచి ఫోను. ఏడాదిలో మొదటిసారి. మర్యాదగానే మాట్లాడాడు కుర్రాడు. "మేడమ్, మీకోసం స్పెషల్‌గా 40 శాతం డిస్కౌంటు, మూడేళ్ళది ఒకేసారి కట్టేయండి" అన్నాడు. ఏడాదికి మించి అడ్వాన్సు తీసుకోకూడదట కదా నాయనా అన్నాను. "ఒక్క నిమిషం మేడమ్, మా సీనియర్‌ని అడిగి చెప్తాను" అని హోల్డ్‌లో పెట్టాడు. ఆ వీణ మ్యూజిక్ వింటూ పప్పు తాలింపు కూడా పెట్టేశాను, మనిషి రాలేదు. హోల్డ్ పెట్టి వదిలేయడం వాళ్ళకి అలవాటే కదా అని ఫోను పెట్టేశాను.